రేణిగుంట నుంచి డల్లాస్: దూరం ఎంత, నిజంగా పట్టే టైం ఎంత?

రేణిగుంట_కుర్రోడు (ప్రశ్న)

అన్నలకూ అక్కలకూ నమస్తే. అమ్మా నాయనా ఏప్రిల్‌లో తిరుపతి నుంచి డల్లాస్ పోవాలి. అక్క అక్కడ ఫ్రిస్కోలో ఉంటుంది. ఇద్దరికీ ఇదే మొదటి విమానం. నాయనకు మోకాళ్ళ నొప్పులు, అమ్మకు షుగరు, ఇన్సులిన్ వేసుకుంటుంది. టికెట్ తీసేముందు లెక్క తేల్చుకుందామని కూర్చుంటే అంతా గందరగోళంగా ఉంది.

తిరుపతి నుంచి డల్లాస్ విమాన దూరం అని వెతికితే ఒక సైట్లో 14,830 అని, ఇంకోదాంట్లో 9,214 అని, మూడోదాంట్లో 8,007 అని చూపిస్తోంది. ప్రయాణం 17 గంటల 57 నిమిషాలట. టికెట్ల సైట్లోనేమో తక్కువలో తక్కువ 23 గంటల ముప్పావు, కొన్ని 38 గంటలు కూడా ఉన్నాయి. పైగా ఒక టికెట్లో తెల్లారి 4:00కి చెన్నైలో ఎక్కితే అదే తేదీ సాయంత్రం 5:15కి డల్లాస్‌లో దిగుతారని ఉంది. అంటే 13 గంటలేనా? వీటిలో ఏది నమ్మాలి? చెన్నై, బెంగళూరు, హైదరాబాద్‌లో ఎక్కడ ఎక్కిస్తే పెద్దవాళ్ళకు మేలు?

అక్షాంశం

ఆ మూడు అంకెలూ ఒకటే దూరం తమ్ముడూ, కొలతలే వేరు. 14,830 కిలోమీటర్లు, 9,214 మైళ్ళు, 8,007 నాటికల్ మైళ్ళు. మామూలు మైలు 1.609 కి.మీ., విమానాలూ ఓడలూ వాడే నాటికల్ మైలు 1.852 కి.మీ. ఏ కొలతో సైట్లు పక్కన చిన్న అక్షరాల్లో రాస్తాయి, ఫోన్లో చూస్తే కంటికి ఆనదు.

మీ విషయంలో ఈ దూరాన్ని కాగితం మీదే సరిచూసుకోవచ్చు. అన్ని ఊళ్ళకూ ఇంత సులభంగా కుదరదు. మీ తిరుపతి విమానాశ్రయం, అంటే రేణిగుంట, 79.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద, డల్లాస్ 97 డిగ్రీల పశ్చిమ రేఖాంశం మీద ఉన్నాయి. కలిపితే 176.5. ఇది 180 అయితే రెండూ సరిగ్గా ఎదురెదురు రేఖాంశాల మీద ఉన్నట్టు, దగ్గరి దారి ఉత్తర ధ్రువం మీదుగానే పోతుంది. మూడున్నర డిగ్రీలే తేడా కాబట్టి ధ్రువం మీదుగా పోయినట్టే లెక్క వేద్దాం. రేణిగుంట అక్షాంశం 13.6, అంటే ధ్రువానికి 76.4 డిగ్రీలు. డల్లాస్‌ది 32.9, అక్కణ్ణించి ధ్రువానికి 57.1. మొత్తం 133.5 డిగ్రీలు. డిగ్రీకి 111.2 కి.మీ. చొప్పున 14,845 కి.మీ. వస్తుంది. అసలు దూరం 14,830. పదిహేను కిలోమీటర్ల తేడాతో దొరికింది చూడండి. నిజమైన దగ్గరి దారి ధ్రువానికి సుమారు 430 కి.మీ. పక్కగా పోతుంది.

గోడకు తగిలించే మ్యాపు చూసి "అరేబియా సముద్రం, ఆఫ్రికా, అట్లాంటిక్ దాటి నేరుగా పడమరకు పోవాలి కదా" అనుకుంటారు చాలామంది. గ్లోబు మీద రెండు ఊళ్ళకూ దారం బిగించి పట్టి చూడండి, అది హిమాలయాలు, సైబీరియా, ఆర్కిటిక్ మీదుగానే కూర్చుంటుంది.

ఇక 17 గంటల 57 నిమిషాల సంగతి. దాని వెనక విమానమూ లేదు, టైం టేబులూ లేదు. దూరాన్ని గంటకు 850 కి.మీ. వేగంతో భాగించి, ఎక్కడానికీ దిగడానికీ అరగంట కలిపారు. 14,830 ÷ 850 అంటే 17 గంటల 27 నిమిషాలు, దానికి 30 కలపండి. గాలి లేదు, మలుపు లేదు, మధ్యలో ఆగడం లేదు. రేణిగుంటకు అంతర్జాతీయ హోదా 2017లోనే వచ్చింది గానీ అక్కణ్ణించి అమెరికాకు విమానం లేదు. కాబట్టి ఆ అంకెను పక్కన పెట్టేయండి. ఒక ఊరు ఇంకోదానికంటే ఎంత దూరమో పోల్చి చూడ్డానికి మాత్రం అది చాలు.

రన్‌వే_పక్కన

అక్షాంశం గారి లెక్కకు ఇంకొంచెం కలుపుతాను, మీ అసలు టైం ఇక్కడే తేలుతుంది.

ముందు, ఆ దగ్గరి దారిలో ఎందుకు పోరు? దూరం మరీ అసాధ్యమేమీ కాదు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు 15,300 కి.మీ. పైగా ఏకబిగిన పోయే విమానం ఉంది. పద్దెనిమిది గంటల పైచిలుకు ప్రయాణం. కానీ దానికోసం ప్రత్యేకంగా చేయించిన ఎయిర్‌బస్ ఎ350లో 161 సీట్లే పెట్టారు, మామూలు ఎకానమీ క్లాసే లేదు. అంత ఇంధనం మోస్తూ అంత తక్కువ మందితో నడపాలంటే గిట్టుబాటయ్యే ఊళ్ళు బహు తక్కువ. ధ్రువం మీదుగా పోవడమూ కొత్త కాదు. 2021 జనవరిలో ఎయిరిండియా మొదటి శాన్‌ఫ్రాన్సిస్కో–బెంగళూరు విమానాన్ని కెప్టెన్ జోయా అగర్వాల్, మరో ముగ్గురు మహిళా పైలట్లు ఉత్తర ధ్రువం మీదుగానే తెచ్చారు. సుమారు 14,000 కి.మీ.

మన దగ్గర నుంచి నేరుగా ఉత్తరానికి పోతే అడ్డం వచ్చేది టిబెట్. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పడిపోతే పైలట్ వెంటనే 10,000 అడుగులకు దిగాలి. ఎందుకంటే ప్రయాణికుల మాస్కుల్లో ఆక్సిజన్ పావుగంట, ఇరవై నిమిషాలకు మించి రాదు. టిబెట్ పీఠభూమే సగటున 4,500 మీటర్లు, అంటే దాదాపు 14,700 అడుగులు. దిగడానికి చోటెక్కడ? అందుకే విమానాలు దాన్ని చుట్టి పోతాయి. ఆర్కిటిక్ మీద ఇంకో చిక్కు, చలి. మన దేశంలో నింపే జెట్ ఎ-1 ఇంధనం మైనస్ 47 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలెడుతుంది. అమెరికాలో నింపే జెట్ ఎ అయితే మైనస్ 40కే. ట్యాంకులో వేడి ఆ హద్దుకు చేరువైతే కొంచెం కిందికి దిగడమో, వేగం పెంచడమో చేస్తారు. రెండిటికీ ఇంధనం ఎక్కువ ఖర్చవుతుంది.

మీకు దొరికే అసలు దారులు ఇవి. చెన్నై–దుబాయ్ 2,930 కి.మీ., దుబాయ్–డల్లాస్ 12,920, మొత్తం 15,850. దోహా మీదుగా 3,290, 12,750 కలిపి 16,040. లండన్ మీదుగా 8,230, 7,630 కలిపి 15,860. చెన్నై నుంచి డల్లాస్‌కు నేరుగా గీత గీస్తే 14,900. చూశారా, ఏ దారిలో పోయినా చుట్టు సుమారు వెయ్యి కిలోమీటర్లే, గంటంబావు ప్రయాణం. దుబాయ్‌కీ లండన్‌కీ దూరంలో తేడా పది కిలోమీటర్లు. కాబట్టి దూరం చూసి టికెట్ ఎంచుకోకండి, అందులో తేలేది ఏమీ లేదు.

టైంను మార్చేది గాలి. 9 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తులో, ముఖ్యంగా 30–60 అక్షాంశాల మధ్య, పడమర నుంచి తూర్పుకు గాలి గట్టిగా వీస్తుంది. చలికాలంలో గంటకు 200 కి.మీ. దాటడం మామూలే. విమానం సొంత వేగం 900 అనుకోండి. దారి మొత్తం మీద సగటున 50 కి.మీ. ఎదురుగాలి తగిలితే 850 పడుతుంది. 12,920 కి.మీ.కు 15 గంటల 12 నిమిషాలు. తిరుగు ప్రయాణంలో అదే గాలి వెనక నుంచి తోస్తే 950, అప్పుడు 13 గంటల 36 నిమిషాలు. నేల మీద కదలడం, ఎక్కడం, దిగడం కలిపి ముప్పావు గంట చొప్పున వేసుకుంటే పోయేటప్పుడు 16, వచ్చేటప్పుడు 14 గంటల 20 నిమిషాలు. టైం టేబుల్లో కనిపించేవి కూడా దాదాపు ఇవే. టికెట్లో ఉండే గంటలు గేటు నుంచి గేటు వరకు, గాల్లో ఉన్నది మాత్రమే కాదు.

ఇంకోటి, గగనతలాలు. 2025 ఏప్రిల్ 24 నుంచి పాకిస్తాన్ తన గగనతలాన్ని మన విమాన సంస్థలకు మూసింది. ఢిల్లీ నుంచి అమెరికా పోయే ఎయిరిండియా విమానాలకు చుట్టు పెరిగింది అందుకే. యూరప్, అమెరికా సంస్థలు 2022 నుంచి రష్యా మీదుగా పోలేవు. గల్ఫ్ సంస్థలకు ఆ అడ్డు లేదు గానీ వాళ్ళ ప్రాంతంలోనే గొడవలొస్తే కథ మారిపోతుంది. 2025 జూన్ 23న ఖతార్ తన గగనతలాన్ని కొన్ని గంటలు మూసేస్తే వేలమంది ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. టికెట్ తీసే వారంలో వార్తలు చూసుకోండి.

అక్షాంశం

తెల్లారి 4:00, సాయంత్రం 5:15 లెక్క కూడా తేల్చేద్దాం. టికెట్ మీద ప్రతి టైమూ ఆ ఊరి గడియారం ప్రకారమే ఉంటుంది. అన్నిటినీ మన గడియారంలోకి మార్చుకుని కూడితే తికమక ఉండదు.

చెన్నైలో 4:00కి బయల్దేరి, 4 గంటల 15 నిమిషాల్లో దుబాయ్. మన టైం 8:15, దుబాయ్ మనకంటే గంటన్నర వెనక కాబట్టి అక్కడ 6:45. అక్కడ 3 గంటల 15 నిమిషాలు ఆగితే మన టైం 11:30, అక్కడ 10:00. అక్కణ్ణించి 16 గంటల 15 నిమిషాలు. మన దగ్గర మర్నాడు తెల్లవారుజామున 3:45. ఏప్రిల్‌లో డల్లాస్ మనకంటే పదిన్నర గంటలు వెనక, అంటే అక్కడ ముందురోజు సాయంత్రం 5:15. మొత్తం 23 గంటల 45 నిమిషాలు. మీరు చూసిన "23 గంటల ముప్పావు", "13 గంటలు" రెండూ ఈ ఒక్క ప్రయాణమే.

అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకు జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తిప్పుతారు. చలికాలంలో తేడా పదకొండున్నర గంటలు. అమ్మానాయన నవంబరు దాటేదాకా ఉండేలా ఉంటే తిరుగు టికెట్‌కు ఆ లెక్కే వాడాలి.

రేణిగుంట_కుర్రోడు

అబ్బా, ఇప్పుడు అర్థమైంది. దండాలు ఇద్దరికీ. మరి ఎక్కడ ఎక్కించాలి? రేణిగుంట నుంచి హైదరాబాద్ విమానం, అక్కణ్ణించి దుబాయ్ అయితే రోడ్డు ప్రయాణం తప్పుతుంది కదా అని ఇంట్లో అంటున్నారు.

పుత్తూరు_బైపాస్

తప్పేది రోడ్డు మాత్రమే నాయనా, దాని బదులు వేరే తిప్పలు వచ్చి పడతాయి. రేణిగుంట–హైదరాబాద్ గాల్లో 420 కి.మీ., గంట పైన కొంచెం. ఒకే టికెట్, ఒకే పీఎన్‌ఆర్ (బుకింగ్ నంబరు) మీద డల్లాస్ దాకా ఉంటే పర్లేదు, సామాను కూడా చివరిదాకా వాళ్ళే పంపుతారు. విడివిడిగా రెండు టికెట్లు తీస్తే మాత్రం కష్టం. దేశంలో తిరిగే విమానానికి మామూలుగా 15 కిలోలే, అమెరికా టికెట్‌కు చాలావరకు 23 కిలోల పెట్టెలు రెండు. ఇద్దరికి నాలుగు పెట్టెలంటే 92 కిలోలు, అందులో 62 కిలోలకు రేణిగుంటలోనే అదనం కట్టాలి. హైదరాబాద్‌లో దిగి, బెల్టు దగ్గర నాలుగు పెట్టెలు దించుకుని, బయటికొచ్చి, మళ్ళీ డిపార్చర్‌కు ఎక్కి, చెకిన్ చేయాలి. మోకాళ్ళ నొప్పులున్న మనిషి, షుగరున్న మనిషి, ఇద్దరే. పైగా మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే ఎవరూ పూచీ పడరు.

చెన్నైకి రోడ్డు మేలు. తిరుపతి నుంచి మీనంబాకం, అంటే చెన్నై విమానాశ్రయం, 140–150 కి.మీ. పుత్తూరు, నగరి, తిరుత్తణి, తిరువళ్ళూరు మీదుగా 716 జాతీయ రహదారి. మూడున్నర గంటలు, నాలుగు వేసుకోండి. ఆడికృత్తిక రోజుల్లో, అంటే జులై–ఆగస్టులో, తిరుత్తణి దగ్గర కావళ్ళ జనంతో బండి కదలదు. ఏప్రిల్‌లో ఆ బాధ లేదు. తిరుగు ప్రయాణం జనవరిలో పడితే భోగి తెల్లవారుజామున దిగే విమానం తీయొద్దు. చెన్నైలో భోగి మంటల పొగ మంచుతో కలిసి రన్‌వే కనపడక విమానాలు ఆలస్యమవడమో, వేరే ఊరికి మళ్ళించడమో జరుగుతుంటుంది. నవంబరు, డిసెంబరుల్లో తుపాన్లు. 2023 డిసెంబరులో మిచౌంగ్ వచ్చినప్పుడు చెన్నై విమానాశ్రయాన్నే మూసేశారు.

బెంగళూరు మీకు దూరం, 250 కి.మీ. పైచిలుకు. చిత్తూరు, పలమనేరు వాళ్ళకు అది బాగుంటుంది. ముళబాగిలు, కోలారు దాటాక హోస్కోటె దగ్గర దేవనహళ్ళి రోడ్డు పట్టుకుంటే బెంగళూరు ఊళ్ళోకి పోకుండానే విమానాశ్రయం చేరొచ్చు. ఇది చదివే చిత్తూరు వాళ్ళ కోసం చెప్తున్నా.

చెన్నైలో రైలు దిగి మెట్రోలో విమానాశ్రయం చేరొచ్చు గానీ నాలుగు పెట్టెలతో వద్దు.

మొత్తం లెక్క ఇలా వేసుకోండి. ఇంటి నుంచి చెన్నై 4 గంటలు, విమానానికి మూడున్నర గంటల ముందు చేరాలి, విమానాలూ మధ్యలో ఆగడమూ కలిపి 23 గంటల 45 నిమిషాలు, డల్లాస్‌లో ఇమ్మిగ్రేషన్, సామాను గంటన్నర. దాదాపు 33 గంటలు. అమ్మానాయనకు ఈ అంకె చెప్పండి, 17 కాదు.

టికెట్ ఎంచుకునేటప్పుడు నేనైతే మొదట చూసేది ఎన్నిచోట్ల దిగుతారన్నది. ఒక్క చోటే ఆగాలి. ఆగే టైం 3–4 గంటలు ఉంటే మోకాళ్ళ మనిషికి సరిపోతుంది. గంటన్నరది చవగ్గా ఉన్నా తీయకండి. దుబాయ్ టెర్మినల్ 3 చాలా పొడవు, మళ్ళీ సెక్యూరిటీ చెకింగు కూడా ఉంటుంది. 38 గంటల టికెట్ అంటే మధ్యలో పద్దెనిమిది గంటలు కుర్చీల్లో పడిగాపులు. ఇంకోటి ముఖ్యం. అమెరికాలో ముందు న్యూయార్క్‌లోనో షికాగోలోనో దిగి డల్లాస్‌కు మారే టికెట్ వద్దు. అమెరికాలో మొదట కాలు పెట్టిన ఊళ్ళోనే ఇమ్మిగ్రేషన్, అక్కడే పెట్టెలన్నీ తీసుకుని కస్టమ్స్ దాటించి మళ్ళీ అప్పగించాలి. నేరుగా డల్లాస్‌లో దిగితే ఆ పని మీ అక్క ఎదురుచూసే ఊళ్ళోనే అయిపోతుంది. పెట్టెల్లో పచ్చి కరివేపాకు, పండ్లు, మాంసం పచ్చళ్ళు పెట్టనివ్వకండి. కస్టమ్స్‌లో పక్కకు పిలిచి వెతికితే ఇంకో గంట పోతుంది.

వీల్‌చైర్ టికెట్ తీసేటప్పుడే అడగండి, కనీసం 48 గంటల ముందైనా. ఊరికే "వీల్‌చైర్" అని వదిలేయకుండా ఏ రకమో చెప్పాలి. మెట్లు ఎక్కగలరు, ఎక్కువ దూరం నడవలేరు అంటే డబ్ల్యూసీహెచ్ఆర్. మెట్లు కూడా ఎక్కలేరు అంటే డబ్ల్యూసీహెచ్ఎస్. మోకాళ్ళ నొప్పికి రెండోదే రాయించండి. కొన్నిచోట్ల విమానం గేటుకు రాకుండా దూరంగా ఆగుతుంది, అప్పుడు బస్సు దిగి నిచ్చెన మెట్లెక్కాలి. అమ్మకు కూడా పెట్టించండి, ఇద్దరూ విడిపోకుండా కలిసే పోవచ్చు.

రన్‌వే_పక్కన

ఇన్సులిన్ గురించి ఒక మాట. చేతిసంచిలోనే ఉండాలి, డాక్టరు చీటీతో సహా. కింద పెట్టెలో వేస్తే చలికి గడ్డకట్టి పనికిరాకుండా పోవచ్చు, పెట్టె ఆలస్యమైతే మరీ ప్రమాదం. పడమరకు పోతుంటే రోజు పదిన్నర గంటలు సాగుతుంది. అంటే మామూలు రోజుకంటే ఒక భోజనం, ఒక్కోసారి ఒక డోసు ఎక్కువ పడొచ్చు. వచ్చేటప్పుడు రోజు కుంచించుకుపోతుంది. ఎంత వేయాలన్నది వాళ్ళ డాక్టరే చెప్పాలి. ఆయన దగ్గరికి పోయేటప్పుడు అక్షాంశం గారు వేసిన టైం లెక్కను మన గడియారంలో రాసి పట్టుకెళ్ళండి, ఏ గంటకు తిండి వస్తుందో దాంతో సహా. అమ్మ చేతి గడియారం డల్లాస్ చేరేదాకా మన టైంలోనే ఉంచమనండి. భోజనానికి షుగరు వాళ్ళదైతే డీబీఎంఎల్, మన శాకాహారమైతే ఏవీఎంఎల్ అని కనీసం ఒక రోజు ముందు రాయించాలి. 16 గంటల విమానంలో నడవ పక్క సీటు తీసి, నిద్ర లేనప్పుడు గంటకో గంటన్నరకో ఒకసారి లేచి నాలుగడుగులు వేయమనండి. కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉన్నవాళ్ళకు ఒత్తిడి మేజోళ్ళు కావాలా అన్నదీ డాక్టర్నే అడగండి.

రేణిగుంట_కుర్రోడు

అన్నీ రాసుకున్నా. దుబాయ్ మీదుగా, ఒకే పీఎన్‌ఆర్, చెన్నై నుంచే. ఆఖరిగా ఒకటి. టికెట్ మీద 12వ తేదీ తెల్లారి 4:00 అని ఉంటే ఇంటి దగ్గర 11 రాత్రి బయల్దేరాలి, అంతేనా?

పుత్తూరు_బైపాస్

అంతే. 11వ తేదీ రాత్రి 8:00కి తిరుపతిలో బండెక్కితే 12 గంటలకు మీనంబాకం, చెకిన్‌కు టైం ఉంటుంది. కౌంటర్లు విమానానికి గంట, గంటన్నర ముందే మూసేస్తారు. చాలామంది తప్పేది 12:30, 1:00 గంటల విమానాల దగ్గర. "12వ తేదీ రాత్రి 12:30" అనుకుని 12వ తేదీ సాయంత్రం బయల్దేరతారు, విమానం అప్పటికి ఒక రోజు ముందే పోయి ఉంటుంది. బండి మాట్లాడేటప్పుడు డ్రైవరుకు కూడా తేదీతో పాటు వారం చెప్పండి. అంతర్జాతీయ విమానాలకు టెర్మినల్ 2 అని కూడా చెప్పండి. 2023 ఏప్రిల్‌లో కొత్త భవనం వచ్చాక పాత అలవాటులో ఉన్న డ్రైవర్లు ఒక్కోసారి వేరే గేటు దగ్గర దించేస్తారు, అంత సామానుతో మళ్ళీ నడవాల్సి వస్తుంది.